తలా తోకా లేని బైండు

నాకు పేరు లేదు. ఒకప్పుడు ఉండేది, మొదటి నాలుగు పేజీలతో పాటే పోయింది. చివరి రెండు వారాల భాగాలను ఎవరో చింపుకెళ్లారు. వారపత్రికలో వచ్చిన సైన్స్ ఫిక్షన్ సీరియల్‌ని ఎవరో వారం వారం చింపి దాచి, దబ్బనంతో కుట్టించి అట్ట వేయించారు. అక్కణ్నుంచి బొగ్గు గనుల ఊరు గోదావరిఖనిలో ఒక అద్దె పుస్తకాల షాపుకి చేరాను. నా పుట్టుక సంగతి ఇంతే. అసలు చెప్పుకోవలసింది వేరే ఉంది: తలా తోకా లేని నన్ను జనం ఏళ్ల తరబడి అద్దెకు తీసుకెళ్లారు, తీసుకెళ్లినవాళ్లే మళ్లీ తీసుకెళ్లారు. సైన్స్ ఫిక్షన్‌ని కొత్తదనం కోసం, తర్వాతేమవుతుందోనన్న ఉత్కంఠ కోసం చదువుతారంటారు. మరి తర్వాతేమైందో ఎప్పటికీ చెప్పలేని పుస్తకాన్ని రెండోసారి ఎందుకు చదివినట్టు? కథ ఒక సాకు అనీ, వాళ్లు వచ్చింది మాటలతో కట్టిన ఒక చోటుకు అనీ నా వాదన.

సాక్ష్యం నా ఒంటిమీదే ఉంది. పోరాటాలు జరిగే పేజీలు దాదాపు శుభ్రంగా ఉన్నాయి. బొగ్గు వేలిముద్రలు, టీ మరకలు, మడిచిన మూలలు అన్నీ వ్యోమనౌకలో ఏ గది ఎక్కడుందో, అక్కడివాళ్లు ఏం తింటారో, పీల్చే గాలి ఎలా తయారవుతుందో చెప్పే పేజీల్లోనే. రోదసి, గ్రహాంతరవాసి, రోబో లాంటి మాటల కింద పెన్సిల్ గీతలు. అర్థం తెలియక గీశారనడానికి లేదు. తెలియని మాటకు ఒక్క గీత చాలు, వీటికింద రకరకాల పెన్సిళ్ల గీతలున్నాయి. (పుస్తకంలో గీయరాదని అట్ట లోపల రాసే ఉంది. వింటే కదా!) నా పక్కన చేతబడి నవలలూ కుటుంబ నవలలూ ఇలాగే నలిగాయనీ, అలసిన మనిషికి ఏదైనా ఒకటేననీ అనొచ్చు. కానీ చివరి పేజీలు పోయిన కుటుంబ నవలను ఏ షాపువాడూ అద్దెకివ్వడు. పెళ్లయిందో లేదో తేలకపోతే పాఠకురాలు డబ్బులు వెనక్కి అడుగుతుంది. నన్ను మాత్రం ధైర్యంగా ఇచ్చాడు.

ఈ బొగ్గు ఊళ్లో జనం మాటలతో కట్టిన చోటుకు రావడానికి ఇంకో కారణం కూడా ఉంది. 1952 గనుల చట్టం ఆడవాళ్లను భూగర్భంలో పనికి దిగనివ్వలేదు. ఆ అడ్డు 2019లో గానీ సడలలేదు. కాబట్టి ఇక్కడి ఎయిటింక్లైన్ కాలనీ క్వార్టర్లలో అమ్మలకైనా పిల్లలకైనా బాయి (గని) లోపలి లోకం మాటల్లోనే తెలిసేది: బొగ్గెత్తే తట్టా చెమ్మస్, టబ్బు, సర్దార్, క్యాప్ ల్యాంపు, బొగ్గు తీసేశాక కప్పు కూలడానికి వదిలేసే గోఫు, ఆ తర్వాత వచ్చిన ఎస్‌డీఎల్, లాంగ్‌వాల్ యంత్రాలు. చూడని చోటును మాటలతో కట్టుకోవడం ఆ ఇళ్లలో షిఫ్టు దిగి వచ్చాక అన్నం దగ్గర రోజూ జరిగే పనే. అలాంటి ఇంటికి వ్యోమనౌక పరాయిదెలా అవుతుంది?

సరే, బయట ఉన్నవాళ్ల మాట అలా ఉంచండి, ఎనిమిది గంటలు చీకట్లో గడిపిన మనిషికి మళ్లీ గాలి కొరత లోకాలెందుకు, ఇది ఉత్త పలాయనం కాదా అంటారు. జవాబు ఒక పాత నవల్లో ఉంది. ఫ్రెంచి రచయిత జూల్ వెర్న్ 1877లోనే 'ది బ్లాక్ ఇండీస్' పేరుతో స్కాట్లండ్ బొగ్గు గని మీద నవల రాశాడు. మా గనులను నడిపే సింగరేణిలో తవ్వకం మొదలైంది ఆ తర్వాత, 1889లో. వెర్న్ నవల్లో మూతపడ్డ గనిని వదల్లేక ఒక ముసలి ఓవర్‌మన్ కుటుంబంతో సహా లోపలే కాపురముంటాడు. కొత్త పొర దొరికాక అక్కడ కరెంటు దీపాల కింద ఊరే వెలుస్తుంది. గ్యాసు ప్రమాదం ఆ నవల్లోనూ ఉంది. ఊరట కోసం ప్రమాదాన్ని తీసేయక్కర్లేదు, ఆ చోటులో దారులు తెలిసుంటే చాలు. ఇక రోబో మాట. చెక్ రచయిత కారెల్ చాపెక్ 1920లో రాసిన 'ఆర్.యు.ఆర్.' నాటకంలో రోబోలు పనివాళ్లే, చివరికి తిరగబడతారు. మన కంపెనీకి సింగరేణి కాలరీస్ అన్న పేరు వచ్చిందీ 1920లోనే, డిసెంబరు 23న. పనివాళ్ల తిరుగుబాటు కథలో పుట్టిన మాటను పనివాళ్ల ఊరు ముద్దు చేస్తే దాన్ని పలాయనం అనడం తొందరపాటు.

ఇంతా చేసి నాకు దక్కిందేమిటి? షాపు మొబైల్ రీచార్జి కొట్టయింది. మమ్మల్ని గోనెసంచుల్లో కుక్కి తూకానికి వేశారు. చేతబడి నవల బజ్జీల బండికెళ్లింది. నా కాగితం పెళుసెక్కి పొట్లానికి మడవబోతే విరిగిపోతోందట, అందుకని మిగిలాను. పనికిరాకపోవడం వల్లే బతికి ఉండటం ఏమంత గౌరవం కాదు. అయినా నా కోపం తూకం వేసినవాడి మీద కాదు, వాడికి కిలోలే తెలుసు. చివరి భాగాలు చింపుకెళ్లినవాడి మీద. నా ముగింపు ఎవరింట్లో ఏ బీరువా అరలో పరిచి ఉందో! దాన్నొక్కసారి చదివి అలా పరిచేసి ఉంటాడు. మరకలున్న పేజీలు మాత్రం వదిలేశాడు, నయం.

మీ అటకమీద ఇలాంటి బైండు ఏదైనా ఉంటే, అమ్మేముందు అందులో ఏ పేజీలు నలిగాయో చూడండి. సీరియల్ పేరు, పత్రిక పేరు, సంవత్సరం అట్టమీద కాకుండా నడిమి పేజీలో రాసిపెట్టండి. ముందు పోయేది అట్టే.