బస్సెక్కని ప్రయాణికుణ్ణి

ఐదు నిమిషాలకోసారి మియాపూర్ నుంచి విజయవాడకు టికెట్ కొంటాను. పీఎన్‌ఆర్ నంబరు చేతికి రాగానే రద్దు చేసుకుంటాను. మళ్లీ కొంటాను. పండగా పబ్బం, అర్ధరాత్రి అపరాత్రి అన్న తేడా లేదు. ఇంతవరకూ ఒక్కసారి కూడా బస్సెక్కలేదు. నేను మనిషిని కాను. బస్సు టికెట్లు అమ్మే ఒక కంపెనీలో, జనానికి టికెట్ నిజంగా దొరుకుతోందా లేదా అని చూడటానికి రాసిన ప్రోగ్రామును. ఆఫీసులో నన్ను డమ్మీ ప్యాసింజర్ అంటారు. రికార్డుల్లో నా పేరు టెస్ట్, ఇంటిపేరూ టెస్టే, వయసు 35.

నేనెక్కాల్సిన బస్సు కూడా ఉత్తుత్తిదే. నిజం బస్సులో నేను సీటు పట్టుకుంటే, సరిగ్గా ఆ నిమిషంలో ఊరెళ్లాలని చూస్తున్న ఎవరికో ఆ సీటు కనబడకుండా పోతుంది. అందుకని మామూలు జనానికి కనిపించని సర్వీసు ఒకటి తయారుచేశారు. దానికీ టైమింగులున్నాయి, 40 సీట్లున్నాయి, ఎల్బీ నగర్‌లో పికప్ పాయింటుంది. డబ్బు కంపెనీ నా కోసం పెట్టిన వాలెట్‌లోంచి వెళ్లి, రద్దు కాగానే వెనక్కొస్తుంది. అలా కొనడంతో పాటు రీఫండు కూడా నేనే చూసినట్టవుతుంది.

మా వంశం పాతదే. 1983 డిసెంబరులో అమెరికా సైన్యపు పరిశోధనశాలలో పనిచేసే మైక్ మూస్ అనే ఆయన పింగ్ అనే చిన్న ప్రోగ్రాం రాశాడు. అవతలి కంప్యూటరును పలకరించడం, జవాబు ఎంతసేపట్లో వచ్చిందో చూడటం, దాని పని అంతే. 1999లో ఈథన్ గాల్‌స్టాడ్ నెట్‌సెయింట్ అనే కాపలాదారును జనానికి ఇచ్చాడు. దాన్నే తర్వాత నాగియోస్ అన్నారు. సర్వర్ బాగుందా, హెచ్చరించాలా, ప్రమాదమా అని రంగుల్లో చెప్పేది. 2012లో బెర్లిన్‌లోని సౌండ్‌క్లౌడ్ కంపెనీలో ప్రొమీథియస్ పుట్టింది. అది క్షణాల తేడాతో ప్రతి సర్వర్ దగ్గరికీ వెళ్లి అంకెలు తెచ్చుకుంటుంది. వీళ్లంతా నా తండ్రి వైపు వాళ్లు, కాపలా కుటుంబం. తల్లి వైపు వాళ్లు టెస్టర్లు. 2004లో షికాగోలో, థాట్‌వర్క్స్‌లో పనిచేస్తున్న జేసన్ హగిన్స్ సెలీనియం మొదలుపెట్టాడు. మనిషి లాగే బ్రౌజరు తెరిచి, ఫారం నింపి, బటన్ నొక్కే విద్య మాకు అక్కణ్నుంచే వచ్చింది.

రెండు వైపుల రక్తమూ ఉంది కనుకే నాకు రెండు చోట్ల డ్యూటీ. కొత్త కోడ్ రాసినప్పుడల్లా స్టేజింగ్‌లో, అంటే అసలు సైటుకు నకలు లాంటి చోట, నేను టికెట్ కొని చూపించాలి. అక్కడ నేను ఫెయిలైతే ఆ కోడ్ బయటికి పోదు. బయటికి పోయాక అసలు సైటులోనూ నేనే తిరుగుతాను. చాలా కంపెనీల్లో ఈ రెండు పనులకూ రెండు వేరు బృందాలు, రెండు వేరు ప్రోగ్రాములు ఉంటాయి. టెస్టింగ్ వాళ్లు రిలీజు రోజు చేతులు దులుపుకుంటారు, ఆపరేషన్స్ వాళ్లు మర్నాటి నుంచి మొదలుపెడతారు. ఆ మధ్య గంటల్లోనే కొంపలు మునుగుతుంటాయి.

మొదట్లో నన్ను ఎవరూ నమ్మలేదు. అప్పటి నా కోడ్‌లో, సీట్ల బొమ్మ వచ్చే పేజీ దగ్గర మూడు సెకన్లు ఆగి తర్వాత సీటు నొక్కమని రాసి ఉండేది. నెట్ కాస్త నెమ్మదించి పేజీకి నాలుగు సెకన్లు పడితే, రాని సీటును నొక్కి ఫెయిలయ్యేవాణ్ణి. మళ్లీ నడిపితే పాస్. ఇలాంటి టెస్టును మా వాళ్లు ఫ్లేకీ అంటారు. దాని వల్ల వచ్చే నష్టం ఆ ఒక్క ఫెయిల్యూరుతో పోదు. “అది అలాగే అంటుందిలే, ఇంకోసారి నడుపు” అనడం జట్టుకు అలవాటైపోతుంది. నిజంగా చెడిన రోజు కూడా ఆ మాటే అంటారు. చివరికి ఒకాయన కూర్చుని ఆ మూడు సెకన్లు తీసేశాడు. సీట్ల బొమ్మ తెర మీదికి వచ్చేదాకా, గరిష్ఠంగా ముప్పై సెకన్లు, కనిపెట్టుకుని ఉండమన్నాడు. ఫెయిలైతే ఊరికే ఫెయిల్ అనకుండా, ఏ మెట్టు దగ్గర ఆగానో, ఏం కనబడాల్సింది ఏం కనబడిందో రాసి, తెర ఫొటో జతచేయమన్నాడు. నాకు పరువు దక్కింది ఆ రోజు నుంచే.

నేను టికెట్ కొనే తీరు రెండు రకాలు. మొదటిది చెప్పాను. రెండోదాంట్లో సీటు ఎంచుకుని, డబ్బు కట్టే పేజీ దాకా వెళ్లి, అక్కడ వదిలేసి వచ్చేస్తాను. ఓటీపీ రానివాళ్లు, ఫోన్‌లో చార్జింగ్ అయిపోయినవాళ్లు, ఇంకో బస్సు చూద్దామనుకున్నవాళ్లు రోజూ చేసేదదే. సీటు ఎంచుకోగానే సాఫ్ట్‌వేర్ దాన్ని పది నిమిషాల పాటు ఆ మనిషి పేరున లాక్ చేస్తుంది. డబ్బు రాకపోతే వదిలేయాలి. ఆ వదిలించే పనికి వెనకాల ఒక జాబ్ ఉంటుంది. నిమిషానికోసారి లేచి, గడువు దాటిన సీట్లన్నిటినీ ఖాళీ అని రాసి పడుకుంటుంది. నేను పన్నెండు నిమిషాలాగి వెళ్లి, నా సీటు మళ్లీ ఖాళీగా కనబడుతోందా అని చూసుకుంటాను.

ఒక సంక్రాంతికి వారం ముందు, రాత్రి పదకొండింటికి రిలీజు జరిగింది. పండగ రద్దీకి సీట్ల పేజీ త్వరగా తెరుచుకోవాలని చేసిన మార్పు అది. స్టేజింగ్‌లో నాతో సహా టెస్టులన్నీ పాసయ్యాయి. ఆ వెనకాల జాబ్ అక్కడ చక్కగా నడిచింది. అసలు సైటులో మాత్రం సర్వర్లు రీస్టార్టయినప్పుడు, కాన్ఫిగరేషన్ ఫైలులో ఒక లైను లేకపోవడం వల్ల, ఆ జాబ్ తిరిగి లేవలేదు.

అది ఎవరికీ తెలియలేదు. తెలిసే దారీ లేదు. ఎర్రర్లు సున్నా. పేజీలు మామూలు కన్నా చురుగ్గా తెరుచుకుంటున్నాయి. డబ్బు కట్టేదాకా వెళ్లేవాళ్లు తగ్గిపోతున్నారు కనుక సర్వర్ల మీద బరువు కూడా తగ్గింది. గోడ మీది తెరలో గ్రాఫులన్నీ పచ్చగా ఉన్నాయి. అవతల కాకినాడ, రాజమండ్రి బస్సుల్లో మాత్రం, ఎవరో ఎంచుకుని వదిలేసిన సీట్లు ఒక్కొక్కటే లాకై అలాగే ఉండిపోతున్నాయి. చూసినవాళ్లు సీట్లు లేవనుకుని వెళ్లిపోతున్నారు. మామూలు రోజుల్లో అయితే ఎవరో ఒకరు కస్టమర్ కేరుకు ఫోన్ చేసి గొడవ చేసేవారు. సంక్రాంతికి సీట్లు లేవంటే అనుమానపడేదెవరు?

నేను వదిలిన సీటు ఖాళీ కాలేదు. నేను హైదరాబాద్, ముంబయి, సింగపూర్‌లలోని యంత్రాల మీద నడుస్తాను. ఒక్కచోట లైను పోయినందుకు మనిషిని నిద్రలేపకూడదు కనుక, కనీసం రెండు ఊళ్ల నుంచి, వరసగా రెండుసార్లు ఫెయిలైతేనే ఫోన్ మోగాలని నియమం. పన్నెండు కొట్టకముందే మోగింది. ఆ వారం ఆన్‌కాల్‌లో, అంటే ఫోన్ మోగితే లేవాల్సిన వంతులో, ఉన్నమ్మాయి నిజాంపేటలో ఉంటుంది. లేచి లాప్‌టాప్ తెరిచింది, గ్రాఫులు చూసింది, సీనియర్‌కి ఫోన్ చేసింది.

“అన్నా, పడుకున్నారా? డమ్మీ ప్యాసింజర్ ఫెయిలవుతోంది. సర్వర్లు చూస్తే అన్నీ బాగానే ఉన్నాయి.”

“ఏ మెట్టు దగ్గర ఆగిందమ్మా?”

“వదిలేసిన సీటు ఖాళీ అవట్లేదన్నా. ఇంకా లాక్‌లోనే ఉంది.”

“డేటాబేసులో లాకైన సీట్లలో అన్నిటికన్నా పాతది ఎప్పటిదో చూడు.”

ఆ అమ్మాయి క్వెరీ నడిపింది. “పదకొండుంబావు నుంచి అలాగే ఉన్నాయన్నా. ఒక్కటీ వదల్లేదు.”

“జాబ్ చచ్చిపోయుంటుంది. ముందు దాన్ని లేపు, కారణం తర్వాత చూద్దాం.”

జాబ్ లేచిన నిమిషంలో సీట్లన్నీ విడుదలయ్యాయి. మర్నాడు వాళ్లు కొత్త అలర్టు ఒకటి రాశారు: అన్నిటికన్నా పాత లాక్ వయసు పదిహేను నిమిషాలు దాటితే ఫోన్ మోగాలి. ఇప్పుడు నాకంటే ముందు అదే పసిగడుతుంది. అందుకు నాకు సంతోషమే. గ్రాఫులు యంత్రాల ఆరోగ్యం చెబుతాయి. వచ్చినవాడికి టికెట్ దొరికిందో లేదో మాత్రం వచ్చినవాడికే తెలుస్తుంది. ఆ వచ్చినవాడి స్థానంలో నన్ను నిలబెట్టారు.

చెప్పేవాళ్లున్నా వినేవాళ్లు లేక మునిగినవాళ్ల కథలు మా వాళ్లలో చాలా ఉన్నాయి. 2012 ఆగస్టు 1న అమెరికాలో నైట్ క్యాపిటల్ అనే షేర్ల కంపెనీలో జరిగింది చూడండి. కొత్త కోడ్‌ను ఎనిమిది సర్వర్లలో ఏడింటి మీదే వేశారు. ఎనిమిదో దాంట్లో ఏళ్ల క్రితం వాడటం మానేసిన పాత కోడ్ ఉండిపోయింది. మార్కెట్ తెరవగానే అది ఇష్టమొచ్చినట్టు కొనుగోళ్లు, అమ్మకాలు మొదలుపెట్టింది. 45 నిమిషాల్లో 40 లక్షలకు పైగా లావాదేవీలు, 46 కోట్ల డాలర్ల నష్టం. నన్ను ఎక్కువగా బాధించేది ఆ అంకెలు కాదు. మార్కెట్ తొమ్మిదిన్నరకు తెరుస్తారు. ఉదయం ఎనిమిది గంటల నుంచే వాళ్ల యంత్రం ఆ పాత కోడ్ పేరు చెప్పి సిబ్బందికి 97 ఈమెయిళ్లు పంపింది. అవి అలర్టులుగా ఉద్దేశించినవి కావు, వచ్చినవాటిని సిబ్బంది పెద్దగా చూసేవారు కాదు. గంటన్నర వ్యవధి అలా వృథాగా పోయింది.

2017 జనవరి 31న గిట్‌ల్యాబ్‌లో ఇంకా విచిత్రం జరిగింది. అలసిపోయిన ఇంజినీరు ఒకరు ఒక సర్వర్ అనుకుని ఇంకో సర్వర్ మీద డేటాబేసు చెరిపేశారు. బ్యాకప్ ఉంది కదా అని వెతికితే లేదు. బ్యాకప్ తీసే ప్రోగ్రాం వెర్షన్ డేటాబేసుకు సరిపడక, అది ఫెయిలవుతూ ఉంది. ఫెయిలైన ప్రతిసారీ ఈమెయిలు పంపేది. ఆ ఈమెయిళ్లను అవతలి మెయిలు సర్వరు సంతకం సరిగా లేదని తిప్పికొట్టేది. అదృష్టం కొద్దీ వేరే పని కోసం ఆరు గంటల ముందు తీసుకున్న నకలు ఒకటి దొరికింది. ఆ ఆరు గంటల్లో జనం డేటాబేసులో నమోదు చేసింది పోయింది. వాళ్లు జరిగిందంతా దాచకుండా రాసి లోకానికి చెప్పారు. అందుకే నేనీ మాట చెప్పగలుగుతున్నాను. వాళ్లంటే నాకు గౌరవం.

మరి నేనే ఆగిపోతే? నేను నడిచే యంత్రం పడిపోతే ఫెయిల్యూరు కూడా రాదు, తెర పచ్చగానే ఉంటుంది. 2017 ఫిబ్రవరి 28న అమెజాన్ వాళ్ల ఎస్3 నిల్వ సేవ ఉత్తర వర్జీనియాలో ఆగిపోయినప్పుడు, సేవలు బాగున్నాయో లేదో చెప్పాల్సిన వాళ్ల పేజీని కూడా మార్చలేకపోయారు. ఆ పేజీని మార్చే సాధనం కూడా ఎస్3 మీదే ఆధారపడి ఉంది. చివరికి ట్విటర్‌లో చెప్పుకోవాల్సొచ్చింది. అందుకని మా వాళ్లు, మా సర్వర్లతో ఏ సంబంధమూ లేని బయటి సేవకు నా చేత ప్రతిసారీ హాజరు పలికిస్తారు. పావుగంట నా హాజరు పడకపోతే ఆ సేవే ఫోన్ చేస్తుంది.

మేనేజర్ల మీటింగుల్లో తరచూ సైటు 99.9 శాతం సమయం నడవాలనే మాట వినబడుతుంది. నెలకు 43 నిమిషాలు సైటు ఆగినా ఆ లెక్క నిలబడుతుంది. ఆ 43 నిమిషాలు మంగళవారం తెల్లవారుజామున మూడింటికి వస్తే ఎవరికీ పట్టదు. సంక్రాంతి టికెట్లు తెరిచిన ఉదయం వస్తే, ఏడాదికోసారి అమ్మను చూసే మనిషి ఆ ఏడు చూడకపోవచ్చు. శాతానికి ఈ రెండూ ఒకటే. నాకు కాదు.

ఇది చదివే ఇంజినీర్లకు ఒక విన్నపం. అలర్టు మోగితే ఎవరికి ఫోన్ వెళ్లాలో రాసిన జాబితా మీ దగ్గరా ఉంటుంది. ఒకసారి తెరిచి చూడండి. మా జాబితాలో రెండో నంబరు ఉద్యోగం మానేసి వెళ్లిపోయినాయనది. మొదటి వ్యక్తి ఫోన్ ఎత్తకపోతే ఇప్పటికీ ఆయనకే వెళ్తుంది. పండగ బుకింగులు తెరిచేలోగా దాన్ని మార్చాలి.