గౌట్ ద్విపద: టీకా తాత్పర్య సహితం

మూలం:
బోటియు బీరును భోజనాంతమున
పోటెత్తు రాతిరి బొటనవేలందు.

టీక: బోటియు = మేక పేగుల కూరయు (ఉపలక్షణం; కార్జం, కిడ్నీలు, సార్డీన్ చేపలు కూడా గ్రాహ్యాలు); బీరును = బార్లీ మద్యమును; భోజనాంతమున = తిన్న కొన్ని గంటలకో, మర్నాటికో; రాతిరి = ఒళ్లు చల్లబడి, ఒంట్లో నీరు తగ్గే వేళ; బొటనవేలందు = కాలి బొటనవేలి మొదటి కీలునందు; పోటెత్తు = దుప్పటి తగిలినా ఓర్వలేనంత నొప్పి పుట్టును.

తాత్పర్యం: వీటిలోని ప్యూరిన్లు విరిగి యూరిక్ యాసిడ్ అవుతాయి. రక్తంలో అది డెసిలీటరుకు సుమారు 6.8 మిల్లీగ్రాములు దాటితే కరిగి ఉండలేదు. శరీరం కొసన చల్లగా ఉండే వేలి కీలులో సూదుల్లాంటి స్ఫటికాలుగా పేరుకుంటుంది. తెల్లకణాలు వాటిమీద పడటమే పోటు. బీరు దోషం రెండింతలు: అందులోని ప్యూరిన్లు యాసిడ్‌ను పెంచుతాయి, మద్యం దాన్ని కిడ్నీల గుండా పోనివ్వదు. విస్కీకి మినహాయింపు ఉందని రసికులు చదివే పాఠం ప్రక్షిప్తం.

పూర్వపక్షం: పప్పు, పాలకూర మానితే చాలు కదా? చాలదు. 47 వేల పైచిలుకు అమెరికా పురుషులను 12 ఏళ్లు గమనించిన అధ్యయనం 2004లో వెలువడింది. ప్యూరిన్లున్న కూరగాయలతో గౌట్ ముప్పు పెరిగినట్టు అందులో కనబడలేదు. వెన్న తీసిన పాలు తాగేవారిలో తగ్గింది. పప్పుగిన్నె మీద పడ్డ నింద నిరాధారం.

విశేషాంశాలు: కవి వదిలేసినవే ఎక్కువ. ఫ్రక్టోజు కలిపిన కూల్‌డ్రింకులు, కటిక ఉపవాసం, ఎండలో నీళ్లు తాగకపోవడం, ఆపరేషన్, వేలికి దెబ్బ, బీపీకి వాడే కొన్ని నీళ్ల మాత్రలు, గుండె కోసం వేసుకునే చిన్న మోతాదు ఆస్పిరిన్ కూడా హేతువులే. అయితే ఆ మాత్రలను సొంతంగా ఆపడం గౌట్ కంటే పెద్ద ప్రమాదం.

వీటన్నిటికంటే వింత హేతువు చికిత్సే. అలోప్యూరినాల్ మొదలుపెట్టగానే యూరిక్ యాసిడ్ చకచకా దిగుతుంది. కీలులో పాతుకున్న స్ఫటికాలు కదిలి, పోటు మళ్లీ వస్తుంది. పెరిగినా పోటే, తరిగినా పోటే. మందు పడలేదనుకుని రోగి దాన్ని మానేసేది సరిగ్గా ఇక్కడే. అందుకే వైద్యులు మోతాదును కొద్దికొద్దిగా పెంచుతూ, మొదటి 3 నుంచి 6 నెలలు సాధారణంగా పోటు రాకుండా కోల్చిసిన్‌ను తోడుగా ఇస్తారు.