ఐదు డాలర్ల బొంత

ఇరవై ఏళ్లుగా అట్లాంటాలో కాపురం చేస్తున్నా, గంటన్నర దూరంలోని ఏథెన్స్‌లో హారియట్ పవర్స్ అనే ఆవిడ ఉండేదని మొన్నటిదాకా నాకు తెలియదు. అలాగే తెలియకుండా ఉండిపోతే మా ఇంట్లో ఒక వెంకటగిరి చీర క్షేమంగా ఉండేది.

ఆవిడ 1837లో బానిసగా పుట్టింది. 1886లో ఏథెన్స్ పత్తి సంతలో తను కుట్టిన బొంత పెట్టింది. పదకొండు గళ్లలోనూ బైబిల్ కథలే. మనుషులూ జంతువులూ అన్నీ గుడ్డముక్కలు కత్తిరించి అతికినవి. బొమ్మలు వేయడం నేర్పే జెన్నీ స్మిత్ కొంటానంటే అమ్మనంది. 1891లో ఇల్లు గడవక, మొగుడు చెప్పగా, పది డాలర్లు అడిగి ఐదుకే ఇచ్చేసింది. ఇస్తూ ఏ గడిలో ఏముందో విడమరిచి చెప్పింది. తర్వాత కూడా అప్పుడప్పుడూ వెళ్లి దాన్ని చూసుకుని వచ్చేదట. ఇప్పుడది స్మిత్సోనియన్ మ్యూజియంలో ఉంది.

ఇది చదివిన రాత్రి నాకు నిద్ర పట్టలేదు. నా లోపల కూడా ఏదో కదులుతోందనిపించింది. (గ్యాస్ అని తర్వాత తేలింది.) మా నాయనమ్మ స్కేలు మొహం చూడకుండా పాత చీరలు పొరలు పరిచి దారం లాగితే గీత గీసినట్టుండేది. రక్తంలో ఉండే ఉంటుందని, ఇంట్లో పాత బట్టలతో నేనూ ఓ బొంత కుడదామని కుట్టుమిషను కొన్నాను.

టీషర్టు గుడ్డ సాగుతుందని, వెనక అంటుకునే గుడ్డ వేసి ఇస్త్రీ చేశాకే కుట్టాలని, మూడు టీషర్టులు అప్పడాల్లా ముడుచుకున్నాక తెలిసింది. నడుమ దూది పొర జరక్కుండా పిన్నీసులు పెట్టాను. అన్నీ తీయలేదన్న సంగతి మావాడి వీపు చెప్పింది.

పూర్తయిన రోజు, అత్తయ్యగారిని కూడా వీడియోలో కూర్చోబెట్టి, హారియట్ లాగే గడిగడికీ కథ మొదలుపెట్టాను.

"ఇది నా మొదటి ఇంటర్వ్యూ చొక్కా."

"సాంబారు పోసుకున్నది. మరక అలాగే ఉంది" అంది మా ఆవిడ.

"ఇది మారథాన్ టీషర్టు."

"పరిగెత్తారా?"

"డబ్బు కట్టాను."

అత్తయ్యగారు కళ్లజోడు సవరించుకున్నారు. "బాబూ, ఆ మూల నీలం గడి కాస్త దగ్గరగా చూపించండి... అమ్మాయ్, అది నీ శ్రీమంతానికి పెట్టిన వెంకటగిరి చీర కదూ?"

సూట్‌కేసు అడుగున ఉంటే పాతదనుకున్నాను. దాచుకున్నదని తోచలేదు.

మాట మార్చాలి కదా. "అలబామాలో జీస్ బెండ్ ఆడవాళ్లు పాత పనిబట్టలతో వంకర గీతల బొంతలే కుట్టారు. 2002లో హ్యూస్టన్ మ్యూజియం గోడలకెక్కించారు. 2006లో తపాలా బిళ్లలు కూడా వేశారు, తెలుసా?" అన్నాను.

"వాళ్లు కావాలని వంకరగా కుట్టారండీ."

"సరే, నువ్వైతే దీనికెంతిస్తావు?"

పర్సు తీసింది. "ఐదు డాలర్లు. ఇంకోటి కుట్టనంటే పది."

పదీ తీసుకున్నాను. బొంత గరాజ్‌లో చేరింది. నేనూ అప్పుడప్పుడూ వెళ్లి చూసుకుని వస్తున్నాను. మొన్న వెళ్లేసరికి మూల నీలం గడి లేదు. ఎవరో కుట్లు విప్పి తీసుకున్నారు. నా కుట్లే కనక పెద్ద శ్రమ పడి ఉండదు.