మా ఏసీ ఏనాడూ హద్దు మీరలేదు

డైరెక్టర్ జనరల్ గారికి,
బ్యూరో ఆఫ్ ఎనర్జీ ఎఫిషియెన్సీ,
సేవా భవన్, ఆర్.కె. పురం, న్యూఢిల్లీ.

అయ్యా,

శంషాబాద్ నుంచి ఒక రిటైర్డ్ లెక్కల మాస్టారు నమస్కరించి రాయునది. ఇది ఫిర్యాదు కాదు. మా ఇంటి ఏసీకి ఓ శాలువా, ఓ ప్రశంసాపత్రం ఇప్పించమని కోరుదామని మొదలుపెట్టిన ఉత్తరం.

ఏసీలు 20 డిగ్రీలకు కిందికి దిగకుండా, 28 దాటకుండా కట్టడి చేస్తామని 2025 జూన్‌లో కేంద్ర విద్యుత్ మంత్రి మనోహర్ లాల్ గారు ప్రకటించినప్పుడు మా కాలనీలో అందరూ గుండెలు బాదుకున్నారు. నేను మాత్రం చలించలేదు. మా హాలు 20 ముఖం చూసి మూడేళ్లయింది. రోళ్లు పగిలే రోహిణి కార్తెలో రిమోట్ మీద 24 ఉంటే, గోడమీది థర్మామీటరు 31 చూపించేది. ఇంతకంటే విధేయత ఎక్కడుంటుంది?

ఇది మామూలు ఏసీ కాదండి. డాలస్‌లో ఉండే మా అబ్బాయి, విమానం దిగిన పది నిమిషాల్లో ఇల్లు చేరాలని ఇక్కడ విల్లా కొన్నాడు. అక్కడిలాగే సెంట్రల్ ఏసీ కావాలన్నాడు. ఫాల్స్ సీలింగ్ వెనక మిషను, దానికి డక్టులు, గదిగదికీ జాలీలు. ఇంటీరియర్ వాళ్లు సీలింగ్‌ను ఎంత అందంగా మూశారంటే, మిషను దగ్గరికి పోవడానికి చెయ్యి పట్టే సందు కూడా వదల్లేదు. "నాన్నా, ఫిల్టర్ మార్చావా?" అని అబ్బాయి ఫోన్లో అడుగుతాడు. అక్కడ వాడు జాలీ తీసి, పాతది లాగి, కొత్తది తనే దూరుస్తాడట. ఇక్కడ ఫిల్టర్ దర్శనం కావాలంటే ముందు సీలింగ్ కోసేవాడు, తర్వాత మెకానిక్, ఆఖర్న పెయింటరు రావాలి. చుట్టూ కొత్త వెంచర్లు, మట్టి లారీలు. ఆ దుమ్మంతా ఫిల్టర్‌కు మెత్తుకుంటే గాలి ఆడక కాయిల్ మీద మంచు కడుతుంది. మంచు దానికి, చెమట మాకు.

వచ్చిన ప్రతి మెకానిక్‌దీ ఒకటే మాట: "గ్యాస్ ఖతమైంది సార్." మూడు వేసవుల్లో మూడుసార్లు నింపించాను. వంటింటి సిలిండరు అయిపోవడం లేదూ, ఇదీ అంతే కాబోలు అనుకున్నాను.

నాలుగోసారి నూనూగు మీసాల కుర్రాడొకడు వచ్చాడు. మా ఆవిడనడిగి గిన్నెలో సర్ఫు నీళ్లు కలిపించుకున్నాడు. మేడమీది యూనిట్ దగ్గర రాగి గొట్టాన్ని బిగించే ఇత్తడి నట్టుకు ఆ నురగ పూశాడు. కాసేపటికి ఆవగింజంత బుడగ లేచింది. ఉబ్బింది. పగిలింది. మళ్లీ లేచింది. "గ్యాస్ అయిపోదు సార్, కారిపోతది. ఇది పొయ్యి గాదు గదా, మండిపోనీకి" అన్నాడు. ముప్పై ఐదేళ్లు పాఠాలు చెప్పినవాణ్ణి, ఆ బుడగ ముందు విద్యార్థినై నిలబడ్డాను. గొట్టం అంచు కత్తిరించి కొత్తగా మలిచాడు. వాక్యూమ్ పంపుతో లోపలి గాలీ తేమా లాగేశాడు. సిలిండరును తూకం మీద పెట్టి, మిషను మీద రాసి ఉన్న గ్రాముల లెక్క ప్రకారం గ్యాస్ ఎక్కించాడు. ఆ సాయంత్రం హాలు 24కు వచ్చింది. మా ఆవిడ దుప్పటి అడిగింది.

అంచేత శాలువా ఆ కుర్రాడికి ఇప్పించండి.

ఇక లెక్కలోకి వస్తాను. ఒక్క డిగ్రీ పెంచుకుంటే సుమారు 6 శాతం కరెంటు ఆదా అని మీరు చెబుతారు. స్టార్ గుర్తున్న గది ఏసీలన్నీ ఆన్ చేయగానే 24తో మొదలవ్వాలని 2020 జనవరి నుంచి నిబంధన కూడా ఉంది. రెండూ మంచివే. కానీ 24కు పెట్టిన ఏసీ 24కు చేరితేనే కదా కంప్రెసర్ ఊపిరి పీల్చుకునేది! చేరలేని ఏసీకి విశ్రాంతి లేదు, మీటరుకూ లేదు. రిమోట్ 24 అంటుంది, గది 31లో ఉంటుంది, బిల్లు మాత్రం 16 పెట్టుకుని దుప్పటి ముసుగేసినవాడికి వచ్చేంత వస్తుంది.

పడకగదిలోని ఐదు నక్షత్రాల స్ప్లిట్ ఏసీ లేబుల్ మీద ఏడాదికి 1600 గంటల లెక్కన యూనిట్లు అచ్చువేశారు. మార్చి ఒకటి నుంచి మృగశిర కార్తె దాకా వంద రోజులు, రోజుకు పదహారు గంటలు. మీ ఏడాది మాకు చేపమందు పంచేనాటికే నిండిపోతుంది.

కాబట్టి మనవి మూడు ముక్కలు. సీలింగ్‌లో మిషను పెట్టిన ప్రతిచోటా ఒక చిన్న తలుపు ఉండాలి. గ్యాస్ నింపిన బిల్లు మీద ఎన్ని గ్రాములు ఎక్కించారో, ఎక్కడ కారిందో రాసి తీరాలి. షాపులో ఇచ్చిన నక్షత్రాలను మూడో వేసవిలో మా ఇంటికొచ్చి మళ్లీ లెక్కపెట్టాలి. పెళ్లిపందిట్లో కాదు, కాపురంలో చూసి మార్కులెయ్యాలి.

ఇట్లు,
24 డిగ్రీలను కళ్లారా చూసిన ఒక శంషాబాద్ వాసి

తా.క.: ఉత్తరం అడుగున సిరా అలుక్కుపోయింది. ఆనందబాష్పాలని పొరబడకండి. డ్రెయిన్ పైపులో పాచి పట్టి, ట్రే నిండి, పైనుంచి బొట్లు పడుతున్నాయి. కుర్రాడికి ఫోన్ చేశాను. సీలింగ్ కోసిన చోట ఇంకా మూయించకపోవడమే మంచిదైంది.