ఉచ్చారణ బాబాయి

ప్రతి అపార్ట్‌మెంట్‌లోనూ ఇలాంటి ఒకాయన ఉంటారు. మా కూకట్‌పల్లిలో ఆయన్ని ఉచ్చారణ బాబాయి అంటాం, ఎదురుగా కాదులెండి. రిటైరయ్యేదాకా అందరిలాగే బస్సెక్కి, రోడ్డు దాటిన మనిషే. డాలస్‌లో కొడుకు దగ్గర ఆర్నెల్లు ఉండొచ్చాక మాత్రం మన ఇంగ్లీషు వింటే ఆయనకి ఒళ్లు మంట.

"మన తెలుగు మాటలు అచ్చుతో ముగుస్తాయోయ్. ఆ అలవాటుకొద్దీ ఇంగ్లీషు మాటకీ తోక తగిలిస్తాం. బస్సు, కారు, రోడ్డు! కొయ్యి, ఆ తోక కొయ్యి!" అంటూ లిఫ్ట్‌లోనే క్లాసు పీకుతారు. మొదటి అంతస్తు వాళ్లు అదృష్టవంతులు.

పొద్దున్నే బాల్కనీలో కరెంటు బిల్లు మూతికి బెత్తెడు దూరంలో పట్టుకుని "పెన్, పేపర్, పార్క్" అని సాధన చేస్తారు. కాగితం కదలాలి. మన ప అంటే కదలదు, ఇంగ్లీషువాళ్లు మాట మొదట్లో పలికే ప-లో ఊపిరి ఎక్కువ. ఇందులో ఆయన తప్పేం లేదు, ఫొనెటిక్స్ చదివినవాళ్లూ ఇదే చెబుతారు. కాకపోతే వాళ్లు నోట్లో ఇడ్లీ పెట్టుకుని చెప్పరు.

"వి అంటే పైపళ్లు కింది పెదవికి తగలాలి, డబ్ల్యూ అంటే పెదాలు సున్నా చుట్టాలి" అనేది ఇంకో పాఠం. అందుకని వాచ్‌మన్‌ని పిలిచే ముందు పెదాలు సున్నా చుడతారు. విజిలేస్తున్నారనుకుని అతను పిలవకుండానే పరిగెత్తుకొస్తాడు.

మూడో అంతస్తు కుర్రాడు ఐఈఎల్‌టీఎస్‌కి చదువుతున్నాడు. అందులో మాట్లాడే పరీక్షకి చూసే నాలుగు అంశాల్లో ఉచ్చారణ ఒకటి. యాస మనదైనా ఫర్వాలేదు, మాట స్పష్టంగా తెలియాలి. బాబాయి వాణ్ని కూర్చోబెట్టి నాలుక మడతేయించి, "వాడర్ర్" అని మంచినీళ్లు అడగడం నేర్పారు. "ఫొటోగ్రాఫ్‌లో మొదట ఒత్తి పలకాలట, ఫొటోగ్రాఫర్‌లో రెండోచోటట, ఎలా అంకుల్?" అన్నాడు వాడు. నన్నడిగితే అసలు కిటుకు అక్కడే ఉంది. బాబాయి మాత్రం "అవన్నీ తర్వాత, ముందు నాలుక మడువు" అన్నారు.

ఈమధ్య ఆ తోకలు కోసే కత్తి తెలుగు మీద కూడా పడింది. మొన్న భోజనాల దగ్గర "పప్ప్" అన్నారట. పిన్నిగారు అరగరిటె వేసి, "సగం మాటకి ఇంతేనండీ" అన్నారు.

"పప్పూ" అని బాబాయి వెంటనే దీర్ఘం తీశారట.