‘రా అబ్బయా’ సూత్రమునకు టీకా తాత్పర్యము

మూలము

“రా అబ్బయా! బుడగలూదు, కాళ్లాడించు, గట్టు పట్టుకో.”

అవతారిక

బడి యీడు రాని పిల్లలకు ఈత నేర్పు పెద్దలు నీటిలో నిలిచి పలుకు వాక్యమిది. సూళ్లూరుపేట సీమకు మిక్కిలి తగినది. ఊరి చెంత కాళంగి నది, తూర్పున పులికాట్ సరస్సు, దాని కావల శ్రీహరికోట, ఆపై బంగాళాఖాతము. ఇన్ని నీళ్ల నడుమ పెరుగు బిడ్డకు నీటి మర్మము తెలియకున్న చెల్లదు. పూర్వము పిల్లల నడుముకు ఎండు సొరకాయ బుర్రలో బెండ్లో కట్టి, మోకు పట్టి బావిలో దించెడివారు. చెప్పకుండ వెనుకనుండి తోయు గురువులును కలరు. ఆ తోపు కొందరికి ఈతను, మరికొందరికి నీరన్న జడుపును నేర్పెను. కావున ఈ సూత్రము ఆటతో ఆరంభమగుచున్నది.

ప్రతిపదార్థము

అబ్బయా = ఓ చిన్నవాడా (‘బుజ్జమ్మా’ అని పాఠాంతరము); రా = నేనున్న నీటిలోనికి రమ్ము; బుడగలు + ఊదు = నోటిగాలిని నీటిలో విడువుము; కాళ్లు + ఆడించు = తుంటి మొదలుకొని కాళ్లను కదల్పుము; గట్టు = అంచును; పట్టుకో = చేతులతో గ్రహింపుము. బుడగలూదు, కాళ్లాడించు అనుచోట్ల ఉత్వసంధి.

టీక

‘రా’: సూత్రకారుడు ‘పో’ అనలేదు. గురువు ముందే నీటిలో నుండవలెనని దీనిచే సిద్ధము. ఆ నీరు పిల్లవాని రొమ్ము లోతు మించరాదు. అడుగు కనబడునంత తేటగా నుండవలెను. అందుచే వరద నాటి కాళంగియు, బురద అడుగు గల పులికాటును పాఠమునకు పనికిరావు, కొలనే మేలు. చిన్న దేహము త్వరగా వేడిని కోల్పోవును గనుక నీరు గోరువెచ్చనగుట, పాఠము అరగంటలో ముగియుట ఉచితము. పెదవులు నీలమైనచో ఆ పూటకు మంగళము.

‘బుడగలూదు’: ఊపిరి బిగబట్టుమనలేదు, ఊదుమనెను. గాలి వెలికి పోవుచుండగా నీరు లోనికి రాదు. ముఖము నీట ముంచుటకు జంకు బిడ్డకు నేలపట్టు పక్షికేంద్రపు గూడబాతును చూపిన చాలును. అది ముక్కు నీట ముంచి చేపను ముంచుకొనును. పిల్లవాడు గూడబాతై మూతి ముంచును, చేపకు మారుగా బుడగలు పుట్టించును. తేలెడి బంతిని ఊదుచు తరుముట దీనికి తోబుట్టువగు ఆట.

‘కాళ్లాడించు’: ‘ఆడించు’ అనునది ‘ఆడు’ ధాతువునకు ప్రేరణరూపము. కావున ఆట బయటినుండి తెచ్చి అతికినది కాదు, క్రియలోనే కలదు. తెలుగువారు స్నానమును సయితము జలకమాడుట యందురు. సైకిలు తొక్కినట్లు మోకాళ్లు ముడిచిన దేహము ముందుకు సాగదు. తుంటినుండి కదలవలెను, చీలమండలు వదులుగా నుండవలెను. ఇచట రాకెట్టాట ప్రశస్తము. పదినుండి సున్న వరకు వెనుకకు లెక్కించి, గోడను పాదములతో తన్ని, చేతులను చెవులకానించి దూసుకుపోవుట. నిప్పులు చిమ్ము రాకెట్లను మిద్దెలెక్కి చూచు ఊరి పిల్లలకు దీనిని వివరింప బనిలేదు. తొలినాడు మునిగినవానిని గద్దింపరాదు. 1979 ఆగస్టు 10న శ్రీహరికోటనుండి ఎగసిన తొలి ఎస్‌ఎల్‌వీ-3 రాకెట్టును బంగాళాఖాతముననే పడినది. 1980 జులై 18న రెండవది రోహిణి ఉపగ్రహమును కక్ష్యలో నిలిపినది.

‘గట్టు పట్టుకో’: గట్టు, పట్టు అను ప్రాస చెవికి పట్టుటకే. పాఠమంతకును ఫలమిది. కోతి నడకయని గోడ పట్టుకొని పక్కకు పాకించుట మొదటి మెట్టు. అంచునుండి గురువు చేతులలోనికి దుమికి, వెనుదిరిగి, అంచును అందుకొనుట చివరి మెట్టు. పొరపాటున నీట పడిన బిడ్డకు అక్కరకు వచ్చునది బారల లెక్క కాదు, ఈ వెనుదిరుగుటయే. చేతులకు తొడుగు గాలి సంచులు దేహమును నిలువుగా నుంచి, లేని ధైర్యమును కల్పించును గనుక వర్జ్యములు.

శంక

ఇంత నేర్చిన బిడ్డను నీటి చెంత ఒంటరిగా విడువవచ్చునా?

సమాధానము

విడువరాదు. 1–4 ఏండ్ల పిల్లలలో పద్ధతిగా ఈత నేర్చినవారికి మునుగు ముప్పు 88 శాతము తక్కువగా కనబడెనని 2009 నాటి అమెరికా అధ్యయనము. అయినను ప్రపంచమంతట ఏటా నీట మునిగి పోవు సుమారు 3 లక్షల మందిలో నాలుగవ వంతుకు దగ్గరగా అయిదేండ్ల లోపువారే. కావున ప్రపంచ ఆరోగ్య సంస్థ ఈత పాఠములను ఆరేండ్లు దాటినవారికి విధించి, అంతకు చిన్నవారికి పెద్దల కాపలాను, నీటి చుట్టు అడ్డుకట్టలను ముందు చెప్పినది. పసివానికి బకెట్టులోని జానెడు నీరును లోతే. ఈ కారణమున సూత్రమున ‘నా చెయ్యి అందేంత దూరంలో’ అనునది అధ్యాహార్యము. వాక్యమున లేకున్నను ప్రతి క్రియతోడను అన్వయించుకొనవలెను. ఆ చేతిలో ఫోను ఉండరాదని వేరుగా చెప్పనేల?

తాత్పర్యము

ఓ చిన్నవాడా! నేను ముందే దిగి నిలిచిన నీటిలోనికి రమ్ము. గూడబాతువలె మూతి ముంచి బుడగలూదుము. రాకెట్టువలె గోడను తన్ని సాగుము. పడినచో తిరిగి గట్టును పట్టుకొనుము. నీవు గట్టెక్కి తువాలు చుట్టుకొను వరకు నా చెయ్యి నీకు అందుచునే యుండును.