కామారెడ్డి నిషేధ ప్రకరణము

మూలము:
“ఇందుమూలముగా సమస్త విద్యార్థులకును, బోధన, బోధనేతర సిబ్బందికిని తెలియజేయునది ఏమనగా, కళాశాల నెట్‌వర్కునందు అవాంఛనీయ వెబ్‌సైట్లు తక్షణము అమలులోనికి వచ్చునట్లు నిరోధింపబడినవి. మినహాయింపు కోరువారు తగు మార్గమున దరఖాస్తు చేసుకొనవలెను.”

అవతారిక: టీకా రాయబోయేవాడు ముందు మల్లినాథసూరికి దండం పెట్టుకోవాలి. ఆయన మన మెదక్ జిల్లా కొల్చారం మనిషి. కాళిదాసుకు వ్యాఖ్య రాస్తూ, మూలంలో లేనిది రాయననీ అక్కర్లేనిది చెప్పననీ ఒట్టు పెట్టుకున్నాడు. మొదటి ఒట్టు నేనూ పెట్టుకుంటున్నాను. రెండోది పెట్టుకుంటే ముప్ఫయ్యేళ్లుగా చేస్తున్న తెలుగు లెక్చరర్ ఉద్యోగం మానుకోవాల్సి వస్తుంది.

టీక: ‘ఇందుమూలముగా’, సులభము. ‘సమస్త’, సులభము; అయితే ఇందులోకి ప్రిన్సిపాల్ గారి గది రాదని ముందుముందు తేలుతుంది. ‘నెట్‌వర్కు’, పక్క బ్లాకులో కంప్యూటర్ సైన్సు వాళ్లున్నారు, అడగండి.

‘అవాంఛనీయ’ దగ్గర ఆగాలి. వాంఛింపదగినది వాంఛనీయం. అది కానిది అవాంఛనీయం, నఞ్ తత్పురుషం. ఇక్కడ శంక: ఎవరికి వాంఛనీయం కానిది? కంప్యూటర్ ల్యాబులో పిల్లలు ఐపీఎల్ స్కోరు వాంఛిస్తారు, సినిమా పాటలు వాంఛిస్తారు. ఎవరూ వాంఛించని సైటును ఆపవలసిన అవసరమే రాదు. కాబట్టి ఈ నోటీసులో అవాంఛనీయమంటే ‘మిక్కిలి వాంఛింపబడునది’ అని అర్థం చెప్పుకోవాలి. విపరీత లక్షణ.

ఏది అవాంఛనీయమో తేల్చేది మన కాలేజీ కాదు, ఫైర్‌వాల్ అమ్మిన కంపెనీ. లోకంలోని వెబ్‌సైట్లన్నిటికీ అది వర్గాలు రాసి పెట్టింది: జూదం, మద్యం, సామాజిక మాధ్యమం, ఆటలు, వార్తలు, ఇలా. అంటే ప్రతి సైటుకూ ఒక కులం సర్టిఫికెట్టు. ఏ ఖండంలోనో కూర్చున్న తాసిల్దారు జారీ చేస్తాడు, మనం ఏటేటా చందా కట్టి రెన్యువల్ చేయించుకుంటాం. ఆ తాసిల్దారు కంటపడని సైట్లు ‘వర్గం లేనివి’ కింద పడతాయి. తన ఊరి శాసనాలను ఓపిగ్గా ఫొటోలు తీసి పెట్టిన రిటైర్డు మాస్టారి పేజీకి సర్టిఫికెట్టు ఎవరిస్తారు? వర్గం తెలియనిదాన్ని ఆపేయడం క్షేమమని మా వాళ్ల సిద్ధాంతం. మా ఎమ్మే పిల్లలు ఆ శాసనాలు చూడాలంటే కాలేజీ గేటు దాటాలి.

ఈ వర్గాలూ చాలక, ఇప్పుడున్న అడ్మిన్‌కు ముందు పనిచేసినాయన స్వహస్తంతో కొన్ని మాటలు చేర్చి వెళ్లాడు. సైటు పేరులో ఆ మాట ఎక్కడ దొర్లినా ఫైర్‌వాల్ తలుపు మూస్తుంది. బెట్టింగు ఆపాలని ‘బెట్’ అన్నాడు. ఇంగ్లీషు అక్షరాల్లో చూస్తే డయాబెటిస్‌లో బెట్ ఉంది, టిబెట్‌లో ఉంది, ఆల్ఫాబెట్‌లో ఉంది. జువాలజీ మేడం మధుమేహం పాఠానికి బొమ్మలు దొరక్క వారం తిరిగింది. కామశాస్త్రం నుంచి పిల్లలను కాపాడాలని ‘కామ’ అన్నాడు. ఇంగ్లాండులో స్కన్‌థోర్ప్ అనే ఊరుంది. దాని పేరు నడుమ ఒక బూతుమాట దాగుందని 1996లో ఏఓఎల్ సంస్థ ఆ ఊరివాళ్లను ఖాతా తెరవనివ్వలేదు. అప్పట్నించి ఈ జబ్బుకు ఆ ఊరి పేరే పెట్టారు. మన దగ్గర ఆ పదవి కామారెడ్డికి దక్కింది.

సెకండియర్ అమ్మాయి ఒకతె నా గదికొచ్చి, “సార్, మా జిల్లా సైటు ఓపెన్ అయితలేదు, నోటిఫికేషన్ చూడాలె” అంది. 2016లో పుట్టిన జిల్లా ఇంతలోనే అవాంఛనీయమెలా అయిందో తెలుసుకుందామని సర్వర్ రూముకు వెళ్లాను. చెప్పులు బయట విడిచి లోపల అడుగుపెడితే డిసెంబరు చలి. అడ్మిన్ కుర్రాడు ఒకప్పుడు నా క్లాసువాడే. కుర్చీ నాకిచ్చి తను స్టూలు మీద కూర్చుని తెర చూపించాడు. నిలువునా నూట నలభై ఒక్క నిబంధనలు. ఒకటోది ప్రిన్సిపాల్ గారి గది: అన్నీ అనుమతి. మూడోది మన ‘కామ’, ‘బెట్’ నిషేధం. నలభైల్లో ‘టెంప్’, ‘టెంప్ టూ’, ‘సార్ చెప్పారు’, ‘తీయొద్దు’ అనే పేర్లు. తొంభై ఆరో వరస దగ్గర నాకు ప్రాణం లేచొచ్చింది. పేరు ‘కామారెడ్డి ఓకే’. ఎదురుగా అనుమతి అని పచ్చ టిక్కు.

“ఉంది కదయ్యా, మరి ఎందుకు తెరుచుకోదు?”

వాడు కుడిపక్క గడి మీద వేలు పెట్టాడు. ఆ నిబంధన ఎన్నిసార్లు పనిచేసిందో చెప్పే లెక్క అది. సున్నా. “పైకెళ్లి చూసుకుంట వస్తది సార్. మూడో నంబరు కాడ తగిలిందా, అక్కడ్నే ఖతం. కిందిది సూడనే సూడదు.”

కిందిది చూడనే చూడదు! ఈ మాటకు నేను కుర్చీలోంచి లేచి నిలబడ్డాను. ఇది అసిద్ధత్వం. పాణిని వ్యాకరణం అష్టాధ్యాయిలో ఎనిమిదో అధ్యాయం రెండో పాదం నుంచి గ్రంథం చివరి వరకూ ఉన్న మూడు పాదాలను త్రిపాది అంటారు. అక్కడ ముందున్న సూత్రం దృష్టిలో వెనకున్న సూత్రం లేనట్టే లెక్క. ఉన్నా అసిద్ధం. ఎమ్మేలో మూడు నెలలు నేను మింగలేక కక్కలేక చదివినదాన్ని ఈ కుర్రాడు స్టూలు మీద కూర్చుని మూడు ముక్కల్లో చెప్పేశాడు.

అయితే త్రిపాదికి ముందు పాణిని రాజ్యం వేరు. రెండు సూత్రాలు సమానబలంతో ఢీకొంటే తరవాతిదే నెగ్గాలని ఒకటో అధ్యాయం నాలుగో పాదం రెండో సూత్రంలో చెప్పాడు. దీన్ని విప్రతిషేధ సూత్రమంటారు. ఆ లెక్కన తొంభై ఆరు మూడును ఓడించాలి. “అట్ల చేసే ఫైర్‌వాల్ లేదా నాయనా?” అని అడిగితే ఉందన్నాడు. ఓపెన్‌బీఎస్‌డీ వాళ్ల పీఎఫ్ అట. 2001 నుంచీ ఉందట. చివర తగిలిన నిబంధనదే మాట. నడుమ ఎక్కడైనా ‘క్విక్’ అని రాస్తే మాత్రం అక్కడితో ఆపేస్తుంది. పరసూత్ర బలీయస్త్వమూ ఉంది, దానికి అపవాదమూ ఉంది. ఆ పీఎఫ్ రాసినవాళ్లు పాణినిని చదివి ఉండరు, కానీ చదివినవాడి పోలికలు కనిపిస్తున్నాయి.

ఆ విప్రతిషేధ సూత్రంలోని ‘పర’ శబ్దం మీద ఎంత రాద్ధాంతం! తరవాతిది అని పెట్టుకుంటే చాలాచోట్ల తప్పు రూపాలు వస్తున్నాయని భాష్యకారుడు పతంజలి, అవసరమైన చోట ‘పర’ అంటే ‘ఇష్టమైనది’ అని చెప్పుకోమన్నాడు. 2022లో కేంబ్రిడ్జిలో రిషి రాజ్‌పోపట్ అనే పరిశోధకుడు, పర అంటే సూత్రాల వరసలో తరవాతిది కాదు, మాటలో కుడిచేతి వైపుది అని వాదించి పేపర్లకెక్కారు. పండితులు ఇంకా కొట్టుకుంటున్నారు, కొట్టుకోనివ్వండి. మా ప్రిన్సిపాల్ గారు మాత్రం నిస్సందేహంగా పతంజలి పక్షం. ఏ రెండు నిబంధనలు ఢీకొన్నా ఆయనకు ఇష్టమైనదే పరం.

వీటన్నిటికన్నా బలమైనది అపవాదం. సామాన్య సూత్రం పైనుండనీ కిందుండనీ, విశేష సూత్రం తన చోట దాన్ని నెట్టేస్తుంది. అపవాదానికి పై వరసలో కుర్చీ అక్కర్లేదు, తన బలం తనది. “రూటర్ గట్లనే చేస్తది సార్” అన్నాడు మావాడు. దారి వెతికేటప్పుడు రూటరు వరస చూడదట. చిరునామాతో ఎక్కువ పొడుగునా సరిపోలిన దారినే పట్టుకుంటుందట. అంటే ఒకే గదిలో, ఒకే బీరువాలో, పై అరలో ఉన్న రూటరుకు అపవాదన్యాయం తెలుసు, కింది అరలో ఉన్న ఫైర్‌వాల్‌కు తెలియదు. స్క్విడ్ అనే మరో మధ్యవర్తి ఉందని కూడా చెప్పాడు. దానికి ఏ నిబంధనా తగలకపోతే చివరి నిబంధనకు తలకిందులైన పని చేస్తుందట. ఈ తర్కానికి మన శాస్త్రాల్లో పేరు లేదు. మా అత్తగారిలో మాత్రం చూశాను.

ఏ ప్రకరణంలో ఉన్నాం? నోటీసు. ‘నిరోధింపబడినవి’.

ఇంట్లో గ్లాసు పగలగొట్టిన పిల్లవాడు “గ్లాసు పగిలింది” అంటాడు. తన పేరు దాచుకోడానికి వాడికి ఆ మాత్రం వ్యాకరణం చాలు. ‘పగలగొట్టబడినది’ దాకా పోడు. నోటీసు రాసినవాడు ఆ పిల్లవాడికన్నా ముదురు. నిరోధించినదెవరు? ఈ వాక్యంలో కర్త లేడు, మూడో నంబరు నిబంధన పక్కనా లేడు. రాసినాయన ఉద్యోగం మారి హైదరాబాదు వెళ్లిపోయాడు. ఇప్పుడున్న కుర్రాడు దాన్ని తీసేస్తే, తరవాత ఏదైనా జరిగినప్పుడు కర్త వాడవుతాడు. అందుకే తీయడు. నేనైనా తీయను.

ఇంకో సంగతి. పూర్వం సైట్లు పోస్టుకార్డుల్లా వచ్చేవి, మధ్యలో ఎవరైనా చదువుకోవచ్చు. ఇప్పుడన్నీ అతికించిన ఇన్‌లాండు లెటర్లు. ఫైర్‌వాల్‌కు పైన సైటు పేరు కనిపిస్తుంది గానీ లోపల ఏ పేజీ తెరిచారో కనిపించదు. అది చూడాలంటే దారిలో ఉత్తరం విప్పి, చదివి, తన జిగురుతో మళ్లీ అతికించాలి. ఆ జిగురును నమ్మమని ప్రతి కంప్యూటరుకూ ముందే చెప్పి పెట్టాలి. మా ల్యాబులో సగం కంప్యూటర్లకు చెప్పారు, సగానికి మరిచారు. మరిచినవాటిలో ఏది తెరిచినా, మీ కనెక్షన్ భద్రం కాదని బ్రౌజరు మొత్తుకుంటుంది. అది ఉత్తదే, దాటి పొండి అని పిల్లలకు మేమే నేర్పాం. రేపు వీళ్లు బ్యాంకు సైటు ముందు కూర్చున్నప్పుడు నిజంగా దొంగ వచ్చి అదే హెచ్చరిక మోగితే ఏం చేస్తారో ఏ సర్క్యులర్‌లోనూ లేదు.

అసలు ఈ నిషేధం తగిలేదెవరికి? జేబులో డేటా ఉన్న పిల్లాడు మా ఫైర్‌వాల్ ఉందని కూడా ఎరగడు. చెట్టు కింద కూర్చుని ఫోనులో ఐపీఎల్ చూస్తున్నాడు. కామారెడ్డి అమ్మాయి దగ్గర బటన్ల ఫోనుంది. ఆమెకు ల్యాబే గతి.

‘తగు మార్గమున’. మార్గం ఏదని అడిగాను. గూగుల్ ఫారం నింపాలన్నారు. ల్యాబులో తెరిస్తే ఫారం రాలేదు. ఫైలు పంచుకునే సైట్లు నలభై నాలుగో నిబంధన కింద బంద్. చిన్నయసూరి 1858లో బాలవ్యాకరణం అచ్చువేస్తూ చాలా సూత్రాల్లో ‘బహుళము’ అన్నాడు. అంటే ఒకచోట కార్యం జరుగుతుంది, ఒకచోట జరగదు, ఒకచోట రెండూ కావచ్చు, ఇంకొకచోట మరేదో అవుతుంది. ఆయన భాష నడిచే తీరు చూసి ఆ మాట అన్నాడు. ఆఫీసు కంప్యూటరులో ఫారం తెరుచుకుంటుంది, ల్యాబులో తెరుచుకోదు, స్టాఫ్‌రూములో మధ్యాహ్నం తెరుచుకుంటుంది, లైబ్రరీలో లాగిన్ పేజీ వస్తుంది. బహుళార్థం నాలుగూ తీరాయి.

చివరికి కాగితం మీద రాసి, హెచ్‌ఓడీ సంతకం, వైస్ ప్రిన్సిపాల్ సంతకం, ఐటీ కమిటీ సంతకం పెట్టించి ఇచ్చాను. మూడో వరసకు పైన ‘కామారెడ్డి’ అనుమతి చేర్చాలని, ఎందుకు పైనే చేర్చాలో అపవాదన్యాయంతో సహా ఒకటిన్నర పేజీ వివరించాను. ఆరు వారాలు పట్టింది. ఈలోగా ఆ అమ్మాయి స్నేహితురాలి ఫోనులో నోటిఫికేషన్ చూసుకుంది. ఆఖరి తేదీ దాటి నాలుగు రోజులైందట.

మొన్న అడ్మిన్ కుర్రాడు వరండాలో ఎదురై, “అయిపోయింది సార్, మీ రూల్ పెట్టినం” అన్నాడు. వెళ్లి చూశాను. నూట నలభై రెండో వరస. కొత్తవి ఎప్పుడూ చివరే చేర్చాలని కమిటీ తీర్మానమట. పేరు ‘తెలుగు సార్ చెప్పారు’. ఎదురుగా పచ్చ టిక్కు. కుడిపక్క గడిలో సున్నా.